చెక్ ఇంజన్ లైట్ వెలిగితే: ఇంట్లోనే కోడ్ చదివి అసలు లోపం పట్టుకోవడం ఎలా

తిరుమల కొండకు పోయే ముందు రోజు బండిని వాటర్ సర్వీస్‌కు ఇవ్వడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రెండేళ్ల కిందట అలాగే కడిగించి, పసుపు కుంకుమ పెట్టి, చిత్తూరు నుంచి వచ్చిన పిన్నినీ బాబాయినీ ఎక్కించుకుని అలిపిరి దాటాను. ఘాట్‌లో సగం దూరం ఎక్కామో లేదో బండి వణకడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు. మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది. "ఏమయింది నాయనా?" అని పిన్ని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చాక మిణకడం ఆగింది. రెండో గేరులో మెల్లగా పైకి చేరుకున్నాం.

కిందికి వచ్చాక ఒక షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, పెట్రోల్‌ను రవ్వతో మండించే నాలుగు ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్స్ మార్చి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయాలన్నారు. ఖర్చు విని బండిని ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చుని చూస్తే పోయింది ఒక్క కాయిల్. అది ఎలా తెలిసిందో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పని అది.

ముందు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. స్కానర్‌లో కనిపించే కోడ్ పాడైన పార్ట్ పేరు కాదు. ఇంజన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీఎంకు, ఎక్కడ లెక్క తప్పినట్టు కనిపించిందో అదొక్కటే కోడ్ చెబుతుంది. ఎందుకు తప్పిందో మనమే చూడాలి. కోడ్‌లో ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) పేరు ఉందని ఆక్సిజన్ సెన్సార్ కొనేవాళ్లు చాలామంది. వైరు తెగినా, పైపు చీలినా, బ్యాటరీ బలహీనపడినా అదే కోడ్ రావచ్చు.

లైటు ఎలా వెలుగుతోందో చూడండి

పసుపు లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు లేదు. ఇంటికి చేరి తీరిగ్గా చూసుకోవచ్చు.

అదే లైటు మిణుకు మిణుకుమంటే సంగతి వేరు. సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండడం లేదని అర్థం. మన షెడ్లలో దీన్నే మిస్సింగ్ అంటారు. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. కన్వర్టర్ విపరీతంగా వేడెక్కి లోపలి తేనెపట్టు లాంటి భాగం కరిగిపోవచ్చు. వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, ఏసీ ఆపి, మలుపు లేని చోట పక్కకు ఆపండి. ఎండుగడ్డి మీద, రాలిన ఆకుల మీద మాత్రం ఆపకండి. ఎండాకాలం శేషాచలం అడవి పక్కన ఎంత ఎండుటాకు ఉంటుందో మనకు తెలుసు. కాలుతున్న కన్వర్టర్ కింద అది అంటుకుంటే బండితో పోదు.

ఎర్ర లైట్లు ఇంకా పెద్ద విషయం. ఆయిల్ డబ్బా బొమ్మ గానీ, ఇంజన్ టెంపరేచర్ బొమ్మ గానీ ఎర్రగా వెలిగితే కోడ్ చదవడం తరువాత. ముందు బండి ఆపి ఇంజన్ ఆపాలి. ఇంకో కిలోమీటరు పోదామనుకుంటే ఇంజనే పోతుంది.

కొండ దిగేటప్పుడు లైటు వెలిగితే ఒక జాగ్రత్త అదనం. పైకి వెళ్లేది 1974లో వచ్చిన రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్. మలుపులు దగ్గర దగ్గరగా ఉండే ఆ దారిలో బండి కదులుతుండగా ఇంజన్ ఆపేయకండి. ఇంజన్ ఆగితే బ్రేకులకు బూస్టర్ సాయం కాసేపట్లోనే పోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. గేరులోనే ఉంచి, చోటు చూసి నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేశాకే తాళం తిప్పండి.

ఏమేం కావాలి

కోడ్ చదవడానికి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి చాలు. ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, స్టీరింగ్ కింద ఉండే దాని పోర్టులో ఈ అడాప్టర్ పెట్టాలి. ఈఎల్ఎం327 రకం అని అడిగితే ఇస్తారు. వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి కానీ మరీ చౌక నకళ్లు కొన్ని బండ్లతో మాట్లాడవు. కొనేటప్పుడే వెనక్కి ఇచ్చే వీలుందా అని అడగండి. ఐఫోన్ ఉన్నవాళ్లు వైఫై రకం గానీ, ఐఫోన్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసిన బ్లూటూత్ రకం గానీ తీసుకోవాలి. ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లు ఉన్నాయి. వాటితో పాటు ఒక మామూలు మల్టీమీటర్, ఒక టార్చి, 10 నంబరు స్పానర్ లేదా బాక్స్, ఒక నోట్‌బుక్. ఇంతకు మించి మొదట్లో ఏదీ కొనకండి.

అదే పోర్టులో పెడితే మైలేజీ పెరుగుతుందని అమ్మే చిన్న ప్లగ్గులు కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. లోపల లైటు వెలిగించే సర్క్యూట్ తప్ప పనికొచ్చేది ఏమీ ఉండదు.

అమెరికాలో 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2013 తరువాత తయారైన కార్లలో దాదాపు అన్నింటికీ ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ నిబంధనల ప్రమాణం) బండ్లలో సెన్సార్లు ఇంకా ఎక్కువ, కాబట్టి లైటు వెలిగే కారణాలూ ఎక్కువే.

బానెట్ తెరిచే ముందు

ఈ భాగాన్ని దాటేసి పోకండి. కోడ్ చదవడంలో ప్రమాదం లేదు, ప్రమాదమంతా బానెట్ కింద ఉంది.

చదునైన చోట బండి నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. ఇంజన్ నడిపి చూడాల్సి వస్తే బండి బయటే ఉండాలి. మన ఊళ్లో చాలా ఇళ్లకు కింద పార్కింగ్, మూడు పక్కలా గోడలు ఉంటాయి. అక్కడ ఇంజన్ ఆన్‌లో ఉంచితే పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తల తిరగడం మొదలయ్యేసరికే ఆలస్యమైపోతుంది.

లుంగీ, తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా చేతులు బెల్టు దగ్గరికి రాకూడదు. జుట్టు ముడి వేసుకోండి. ఉంగరం, వాచీ, చేతి కడియం తీసేయండి. బ్యాటరీ ప్లస్‌కు, బాడీకి మధ్య ఉంగరం తగిలితే ఒక్క క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపేశాక కూడా తనంతట తాను తిరగొచ్చు, కాబట్టి రెక్కల మధ్య చేయి పెట్టకండి.

రేడియేటర్ మూత వేడిగా ఉన్నప్పుడు తెరవకండి. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, మూత కదిలిన మరుక్షణం మొహం మీదికి చిమ్ముతాయి. గంట ఆగి, పై పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్టే.

డీజిల్ బండిలో ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపులను ఇంట్లో విప్పకండి. ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం, అంటే కామన్ రైల్‌లో, ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. సూదిమొనంత కారడం ఉన్నా ఆ ధార చర్మంలోకి దిగుతుంది. కారుతోందేమోనని వేలితో తడిమి చూడటం కూడా వద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు, ఏ బండిలోనైనా ఎయిర్ బ్యాగ్‌కు పోయే పసుపు రంగు కనెక్టర్లు మనవి కావు. వాటిని ముట్టుకోకుండా వదిలేయండి.

పోర్టు వెతకడం, ఫోన్ కలపడం

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర టార్చి వేసి చూస్తే పదహారు పిన్నులున్న సాకెట్ కనిపిస్తుంది. కింద కొంచెం సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. కొన్ని బండ్లలో చిన్న ప్లాస్టిక్ మూత వెనకాల ఉంటుంది. తాళం ఆఫ్‌లో ఉండగానే అడాప్టర్ నేరుగా లోపలికి నొక్కండి. అడ్డంగా బలం పెడితే పిన్ను వంగుతుంది.

ఇప్పుడు తాళం ఆన్ స్థానానికి తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. బటన్ స్టార్ట్ ఉంటే బ్రేక్, క్లచ్ తొక్కకుండా రెండుసార్లు నొక్కితే చాలా బండ్లలో ఆన్ అవుతుంది. ఫోన్ బ్లూటూత్‌లో అడాప్టర్ పేరు మీద నొక్కితే పిన్ అడుగుతుంది, 1234 లేదా 0000 పనిచేస్తుంది. తరువాత యాప్‌లోకి వెళ్లి కనెక్ట్ చేయండి.

కనెక్ట్ కాకపోతే అడాప్టర్ మీద లైటు వెలుగుతోందా అని చూడండి. వెలగకపోతే సాకెట్‌కు కరెంటు రావడం లేదు. 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 4వ పిన్నుకు ఎర్త్ ఉంటాయి. అక్కడ 12 వోల్టులు లేకపోతే చాలాసార్లు సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ పోయి ఉంటుంది, ఎందుకంటే కొన్ని బండ్లలో రెండింటికీ ఫ్యూజ్ ఒకటే. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. 16వ పిన్నుకు తాళం తీసినా కరెంటు ఉంటుంది, వారం రోజులు అలాగే వదిలేస్తే పాత బ్యాటరీ దిగిపోవచ్చు.

చెరిపేయకండి, రాసుకోండి

కోడ్ కనపడగానే ఎరేజ్ బటన్ నొక్కాలని చేయి లాగుతుంది. నొక్కకండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చిన్న చిత్తు ఈసీఎంలో ఉంటుంది. లోపం పట్టుబడిన క్షణంలో స్పీడెంత, ఆర్పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఎరేజ్ చేస్తే అవన్నీ పోతాయి. ఇంధనం పాళ్లలో ఈసీఎం నేర్చుకున్న సర్దుబాట్లు కూడా చెరిగిపోవచ్చు.

నా నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్నది ఇది: "పి0302. స్పీడ్ 31. ఆర్పీఎం 2,640. వేడి 97. లోడ్ 88 శాతం." ఈ ఒక్క వరుస చదివితే బండి ఘాట్ ఎక్కుతూ బరువు లాగుతున్నప్పుడు లోపం బయటపడిందని తెలిసిపోతుంది. ఇంటి ముందు ఐడిలింగ్‌లో పెట్టి వింటే ఏమీ దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

యాప్‌లో పెండింగ్ అని మరో జాబితా ఉంటుంది. ఒకసారి కనిపించి ఇంకా ఖాయం కాని లోపాలు అందులో ఉంటాయి. అవీ రాసుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఆ వారంలో బండికి ఏం పని చేయించారు అన్నది కూడా. చాలా లోపాలకు కారణం ఆ చివరి మాటలోనే దొరుకుతుంది.

కోడ్‌ను విడదీసి చదవడం

మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేర్‌బాక్స్. బి అయితే బాడీ, అంటే ఎయిర్ బ్యాగ్, ఏసీ లాంటివి. సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వైపు. యు అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో తేడా. దాని తరువాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ అర్థం ఒకటే. 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఆ మోడల్‌కే వెతకాలి. ఇంకో కంపెనీ అర్థాన్ని తగిలించుకుంటే దారి తప్పుతారు. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలి, ఇంధనం. 3 అయితే ఇగ్నిషన్, మిస్సింగ్. 4 అయితే పొగ నియంత్రణ. 5 అయితే స్పీడు, ఐడిలింగ్. 7, 8 అయితే గేర్‌బాక్స్.

పి0302ను ఇలా విడదీస్తే: ఇంజన్, అందరికీ ఒకే అర్థం, ఇగ్నిషన్ వైపు, రెండో సిలిండర్‌లో మిస్సింగ్. కాయిల్ అన్న మాట ఇందులో ఎక్కడా లేదని గమనించండి.

మొదటి అనుమానం బ్యాటరీ మీదే

సంబంధం లేని కోడ్‌లు ఐదారు ఒకేసారి వచ్చాయంటే, ముఖ్యంగా యు కోడ్‌లు కలిసి ఉంటే, వాటిని ఒక్కొక్కటిగా వెతకకండి. ముందు వోల్టేజీ చూడండి. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఇంట్లో ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి మీటర్ చూస్తూ ఉండండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనం. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త బీఎస్6 బండ్లలో కొన్ని ఆల్టర్నేటర్‌ను అవసరాన్ని బట్టి నడుపుతాయి కాబట్టి అప్పుడప్పుడు తగ్గి కనిపిస్తే భయపడక్కర్లేదు, హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి. టెర్మినళ్ల మీద తెల్లగా పొక్కు కట్టి ఉంటే విప్పి శుభ్రం చేయండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

మిస్సింగ్: కాయిల్ మార్చి పెట్టి చూడటం

ఇప్పుడు నా బండి దగ్గరికి వస్తాను. ఇది పెట్రోల్ బండి, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉండే రకం.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, తాళం జేబులో పెట్టుకుని, పైన ప్లాస్టిక్ కవర్ తీశాను. ముందు పక్కన అడ్డంగా కూర్చున్న ఇంజన్లలో మామూలుగా బెల్టు వైపు ఉన్నది ఒకటో సిలిండర్. అనుమానం ఉంటే మాన్యువల్ చూసి తేల్చుకోండి, ఇక్కడ లెక్క తప్పితే అంతా తప్పుతుంది. రెండో కాయిల్ కనెక్టర్ లాక్‌ను బొటనవేలితో నొక్కి లాగాను. వైరు పట్టుకుని లాగకూడదు. పది నంబరు బోల్టు విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పి పైకి తీశాను.

ప్లగ్గు గుంతలోకి టార్చి వేస్తే అడుగున తడి మెరిసింది. కొండకు పోయే ముందు రోజు ప్రెషర్‌తో కొట్టిన నీళ్లు అవి. కాయిల్ కింది రబ్బరు బూట్ పక్కన గోరుతో గీసినట్టు సన్నని బూడిద రంగు గీత. కరెంటు ప్లగ్గు లోపలికి పోకుండా తడి వెంట పక్కకు దూకి దారి చేసుకున్న జాడ అది. ఒకసారి ఆ దారి పడితే తడి ఆరినా లోడ్ పడ్డప్పుడల్లా కరెంటు అటే పోతుంది.

అయినా గీత కనిపించింది కదా అని అక్కడితో ఆగలేదు. గుంతలోని తడిని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చి, రెండో కాయిల్‌ను మూడో చోట, మూడో దాన్ని రెండో చోట పెట్టాను. అన్నీ బిగించి, అప్పుడు కోడ్ ఎరేజ్ చేశాను. కరకంబాడి రోడ్డు మీద నాలుగో గేరులో తక్కువ స్పీడు నుంచి కాలు తొక్కితే వణుకు మళ్లీ వచ్చింది. పక్కకు ఆపి చూస్తే పి0303. లోపం కాయిల్‌తో పాటు రెండో సిలిండర్ నుంచి మూడో దానికి నడిచి వెళ్లింది. ఇక సందేహం లేదు. ఒక్క కాయిల్ కొన్నాను.

కోడ్ కదలకుండా పి0302 గానే ఉంటే కాయిల్ మంచిదే. అప్పుడు ప్లగ్గులను అలాగే మార్చి చూడాలి. చల్లటి ఇంజన్‌లోనే విప్పండి, వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు లేచిపోతాయి. విప్పే ముందు గుంతలోని దుమ్ము ఊదేయండి, లేకపోతే సిలిండర్‌లో పడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. ప్లగ్గు మార్చినా కోడ్ అక్కడే ఉంటే ఇంజెక్టర్ గానీ కంప్రెషన్ గానీ అయి ఉంటుంది. అది షెడ్డు పని.

ఇంజన్ నడుస్తుండగా ఒక్కో కాయిల్ పీకి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. ఆ కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది, మనిషికీ ఈసీఎంకూ ప్రమాదమే. ఇంజన్ పైభాగం ప్రెషర్ నీళ్లతో కడిగించడం నేను ఆ రోజే మానేశాను. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

పి0171: గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ

ఈ కోడ్‌కు ఆక్సిజన్ సెన్సార్ మార్చేవాళ్లు ఎక్కువ. నిజానికి ఆ సెన్సార్ తన పని సరిగా చేసింది కాబట్టే కోడ్ వచ్చింది అనుకోవడం మంచి మొదలు.

యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు ఉంటాయి, ఒకటి అప్పటికప్పుడు మారేది, ఇంకొకటి నెమ్మదిగా మారేది. రెండూ కలిపి పది శాతానికి లోపు అటూ ఇటూ ఉంటే మామూలే. ప్లస్ 20 దగ్గరికి పోయిందంటే ఈసీఎం తగ్గిన పెట్రోల్‌ను భర్తీ చేయడానికి తంటాలు పడుతోంది. ఇంజన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒకసారి, న్యూట్రల్‌లోనే 2,500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి ఇంకోసారి చూడండి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గితే, ఎక్కడో పైపు చీలి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. రేస్ చేసేకొద్దీ, లోడ్ పడేకొద్దీ పెరిగితే పెట్రోల్ సరిపోవడం లేదు, ఫిల్టర్ లేదా పంపు చూడాలి. లేదా గాలి కొలిచే సెన్సార్ మురికి పట్టింది. మ్యాప్ సెన్సార్‌తో, అంటే లోపలి గాలి ఒత్తిడి కొలిచి, గాలి లెక్క వేసే చిన్న కార్లలో ఈ తేడా అంత స్పష్టంగా కనపడదు. అక్కడ పైపు చీలితే ఐడిలింగ్ ఆర్పీఎం పెరిగిపోవడం మొదటి గుర్తు.

చీలిక వెతకడానికి ఇంజన్ ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే నల్ల రబ్బరు పైపును మడతల దగ్గర వంచి చూడండి. బయటికి బాగున్నట్టే ఉండి, వంచితే నోరు తెరుస్తుంది. సన్న వ్యాక్యూమ్ పైపుల చివర్లు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, అవీ చూడండి. వీడియోల్లో వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతకడం చూపిస్తారు. అది మండే ద్రవం. ఇంటి ముందు ఆ పని చేయొద్దు.

మైనస్ 40 డిగ్రీలు

ఎయిర్ ఫిల్టర్ మార్చిన మరుసటి రోజే లైటు వెలిగి, పి0113 వస్తే యాప్‌లో లోపలికి వచ్చే గాలి వేడి ఎంత చూపిస్తోందో చూడండి. మైనస్ 40 అని ఉంటే సెన్సార్ వైరు తెగినా ఉండాలి, కనెక్టర్ ఊడిపోయినా ఉండాలి. తిరుపతి ఎండలో మైనస్ 40 ఎలా వస్తుంది! ఫిల్టర్ మార్చినవాళ్లు ప్లగ్ తిరిగి పెట్టడం మరిచిపోయి ఉంటారు. చేత్తో నొక్కితే టక్‌మని కూర్చుంటుంది, పని అయిపోతుంది.

ఇలాంటిదే ఇంకో చిన్న పరీక్ష. రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున తాళం ఆన్ చేసి, కూలెంట్ వేడి, గాలి వేడి రెండూ చూడండి. రెండూ బయటి వేడికి దగ్గరగా, ఒకదానికొకటి కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి దూరంగా ఉంటే ఆ సెన్సార్ మీద అనుమానం.

వైర్లు తెగడానికి మన దగ్గర ఎలుకలు, ఉడుతలు పెద్ద కారణం. తోటల పక్కన ఇళ్లున్నవాళ్లు కోడ్ వచ్చిన వెంటనే బానెట్ కింద పెంటికలు, కొరికిన పీచు ఉన్నాయేమో చూడండి. తెగిన వైరును టేపుతో చుట్టి వదిలేస్తే నెలలోపు మళ్లీ అదే కోడ్ వస్తుంది. సరిగా అతికించి, పైన స్లీవ్ వేయించాలి.

ఘాట్‌లో హీట్ ఎక్కితే

అలిపిరి నుంచి పైకి అయినా, భాకరాపేట ఘాట్‌లో అయినా, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లో అయినా, నిండా మనుషులతో, ఏసీతో, ఎండలో ఎక్కితే చిన్న లోపాలు బయటపడతాయి. మామూలుగా కూలెంట్ వేడి 85 నుంచి 105 మధ్య ఉంటుంది. పక్క సీటులో ఉన్నవాళ్లకు ఫోన్ ఇచ్చి చూడమనండి, నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు. 110 దాటి పెరుగుతూ పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా వేడికి పెట్టండి. లోపల ఉక్కపోస్తుంది, కానీ ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. ఆపగలిగిన మొదటి చోట ఆపండి. కాలుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయకండి, హెడ్ పగలొచ్చు.

ఇంటికొచ్చాక చూడాల్సినవి: కూలెంట్ మట్టం, ఫ్యాన్ తిరుగుతోందా, రేడియేటర్ ముందు దుమ్ము, పురుగులు పేరుకున్నాయా. పి0128 వస్తే అది దీనికి తలకిందులు, ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదు. కూలెంట్ సరిపడా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయిందని మొదట అనుమానించాలి. చాలామంది మన ఎండలకు అక్కర్లేదని థర్మోస్టాట్ తీయించేస్తారు. తీయించకండి, ఇంజన్ అరుగుదల, పెట్రోల్ ఖర్చు రెండూ పెరుగుతాయి.

బీఎస్6 డీజిల్, పి0420

డీజిల్ బండ్లలో పి2463 అంటే, పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుందని అర్థం. స్కూలు, మార్కెట్, మళ్లీ ఇల్లు అని ఊళ్లోనే తిరిగే బండ్లకు ఇది ఎక్కువ. డీపీఎఫ్ లైటు ఒక్కటే వెలిగి, పికప్ బాగానే ఉంటే, నాయుడుపేట వైపో చిత్తూరు వైపో హైవే మీద అరగంట నిలకడగా, ఆర్పీఎం 2,000 పైన ఉండేలా నడపండి. మసి కాలిపోయే అవకాశం ఉంది. ఇంజన్ లైటు కూడా కలిసి వెలిగి, బండికి పికప్ తగ్గిపోయి ఉంటే ఇక బలవంతం చేయకుండా వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి. యాప్‌లో బలవంతపు రీజనరేషన్ (మసిని కాల్చేయడం) బటన్ ఉన్నా ఇంటి దగ్గర నొక్కకండి. సైలెన్సర్ వైపు వేడి 600 డిగ్రీల దాకా పోతుంది.

పి0420 కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదంటుంది. కన్వర్టర్ ఖరీదైన సరుకు, కాబట్టి అన్నింటికంటే చివర మార్చాలి. ముందు సైలెన్సర్ జాయింట్లలో ఎక్కడైనా బుస్సుమని గాలి పోతోందా, పాత మిస్సింగ్ కోడ్ ఏమైనా ఉందా చూడండి. ఇంజన్ వేడెక్కాక వెనకాల ఉన్న ఆక్సిజన్ సెన్సార్ గ్రాఫ్ నిలకడగా ఉండాలి. ముందు సెన్సార్‌లా పైకీ కిందికీ ఊగుతుంటేనే కన్వర్టర్ మీద అనుమానం పెంచుకోవాలి.

షెడ్డుకు పోయేటప్పుడు

ఆయిల్ ప్రెషర్, బ్రేకులు, ఎయిర్ బ్యాగ్, పెట్రోల్ వాసన, డీజిల్ హై ప్రెషర్ లైను, గేర్‌బాక్స్ లోపలి పని: ఇవి ఇంట్లో ముట్టుకోవాల్సినవి కావు. బండి వారంటీలో ఉంటే వైర్లు కోసే పని ఏదీ చేయకండి.

కానీ పోయేటప్పుడు నోట్‌బుక్ తీసుకుని పోండి. "అన్నా, ఇంజన్ లైటు వెలిగింది, చూడండి" అనడానికీ, "అన్నా, పి0302 వచ్చింది, ఘాట్‌లో లోడ్ మీద వచ్చింది, కాయిల్ మార్చి చూస్తే కోడ్ మూడుకు పోయింది" అనడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట విన్న మెకానిక్ వెతకడంలో గంట ఆదా చేస్తాడు, మీకు అక్కర్లేని పార్ట్‌ల పేర్లు చెప్పడు. పనిమంతుడైన మెకానిక్‌కు ఇలా చెప్పేవాళ్లంటే ఇష్టం కూడా. ఏదైనా పార్ట్ మార్చాలంటే, ఏ పరీక్ష చేసి తేల్చారని మర్యాదగా అడగండి. పాత పార్ట్ తిరిగి ఇమ్మనండి.

బాగు చేశాక

లోపం సరిచేశాకే ఎరేజ్ చేయండి. తరువాత ఐడిలింగ్‌లో రెండు నిమిషాలు చూసి ముగించేయకండి, లోపం మొదట ఎలాంటి పరిస్థితిలో వచ్చిందో అలాంటి పరిస్థితిలోనే నడపాలి. ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకున్నది ఇప్పుడు పనికొస్తుంది. నేను కొత్త కాయిల్ పెట్టాక చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టి చంద్రగిరి దాకా హైవే మీద పోయి వచ్చాను. మరుసటి వారం అందరినీ ఎక్కించుకుని కొండకు పోయాను. పైకి చేరాక పార్కింగ్‌లో అడాప్టర్ పెట్టి పెండింగ్ జాబితా చూశాను. ఖాళీగా ఉంది. నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ, కిలోమీటర్లు, "రెండో కాయిల్ మార్చాను, పెండింగ్ లేదు" అని రాసి, దాన్ని డ్యాష్‌బోర్డు అరలో బండి కాగితాల పక్కనే పెట్టాను.